మేకలవారి ఆడపడుచు పేరు కోసం అత్తిమంజేరిపేట దాకా

రెండేళ్లుగా సాయంత్రాలు నాకొక పని ఉంది. ఆఫీసు నుంచి అంబత్తూరులోని ఇంటికి వచ్చి, కాఫీ తాగి, కంప్యూటర్లో పాత జనన మరణ రిజిస్టర్ల ఫొటోలు తెరుస్తాను. ఒకప్పుడు ఊళ్ల కరణాలు కలంతో రాసిన పేర్లను చదివి, ఒక్కో వరుసనూ టైపు చేస్తాను. తమ తాతముత్తాతల కోసం వెతుక్కునేవాళ్లకు ఆ పేర్లు దొరకాలన్నది ఉద్దేశం. జీతం లేదు. నాలాంటి వాళ్లం కొందరం తలా కాస్త పంచుకుని చేస్తున్నాం. తిరుత్తణి, పళ్లిపట్టు పక్క ఊళ్ల పుస్తకాలు నా వాటాకు వచ్చాయి. ఆ ఊళ్లు ఒకప్పుడు చిత్తూరు జిల్లాలో ఉండేవి కాబట్టి రాతంతా తెలుగు. ఇప్పుడు తమిళనాడులో ఉన్నాయి కాబట్టి అక్కడి పిల్లలు చదివేది తమిళం. ముత్తాత పేరు కళ్లముందు ఉన్నా చదువుకోలేని పరిస్థితి. నాది ఒంగోలు, ఉద్యోగం మద్రాసులో. రెండు లిపులూ వచ్చు. అందుకే ఆ పని నేనే అడిగి తీసుకున్నాను.

మొన్న ఆషాఢం మొదట్లో మా బృందానికి దివ్య అనే అమ్మాయి రాసింది. తిరువళ్ళూరులో ఒక ల్యాబులో పని చేస్తుంది, సొంతూరు కే.జీ.కండిగై. వాళ్ల తాత గోవిందసామి నాయుడికి ఎనభై ఏళ్లు. ఆయన పుట్టిన కొన్నాళ్లకే తల్లి చనిపోయింది. ఆమె పేరేమిటో ఆయనకు తెలియదు, ఇంట్లో ఎవరికీ తెలియదు. కనుక్కోగలరా అని అడిగింది. కండిగై పుస్తకమంతా గాలించాను, దొరకలేదు. మొదటి కాన్పు పుట్టింట్లో కదా జరిగేది అని ఆలస్యంగా తట్టి, పక్క ఊళ్ల పుస్తకాలు తిరగేస్తే అత్తిమంజేరిపేటలో కనబడింది. మగ శిశువు. తండ్రి కే.జీ.కండిగై కాపురస్తుడు దొరసామి నాయుడు. తల్లి పేరు రాయాల్సిన చోట 'పై వాని భార్య' అని ఉంది. కబురు చెప్పిన వాడు మేకల చెంగల్రాయుడు, శిశువు మేనమామ. అంతే.

ఆ రాత్రి దివ్యకు ఫోన్ చేసి చదివి వినిపించాను. మళ్లీ ఒకసారి చదవమంది. తర్వాత, "అక్కా, మా ఇంట్లో బర్రెకు కూడా పేరుంది" అంది. ఆ మాటతోనే ఈ ప్రయాణం ఖాయమైంది. ఆఫీసులో ఒక రోజు సెలవు పెట్టాను.

శుక్రవారం పొద్దున్నే అంబత్తూరులో లోకల్ రైలు ఎక్కాను. మీరు మద్రాసు సెంట్రల్ నుంచి వస్తే తిరువళ్ళూరుకు గంటంబావు అనుకోండి, టికెట్టు పదిహేను రూపాయలు దాటదు. జనమంతా మద్రాసు వైపు పోయే వేళ కాబట్టి ఇటు వచ్చే బండిలో కిటికీ పక్కనే చోటు దొరికింది. దివ్య స్టేషన్ బయట ఎదురుచూస్తోంది. సన్నగా, చేతిలో హెల్మెట్టుతో ఉంది. నన్ను చూడగానే, "వొచ్చేసినారా అక్కా? నేను మీరు పెద్దామె అనుకున్నా" అని నవ్వింది. దారిలో ఇడ్లీ తినేసి, మేము ముందుగా అర్జీ పెట్టుకున్న ఒక కార్యాలయానికి వెళ్లాం. ఫొటోలు తీయని మరణాల పుస్తకం ఒకటి అక్కడ ఉందని తెలిసింది. పుట్టుకలో రాయని పేరు చావులోనైనా రాసి ఉంటారని నా ఆశ.

గుమాస్తా మర్యాదస్తుడు. పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టి, కాగితం విరుగుతుంది, మెల్లగా తిప్పమన్నాడు. అట్టముక్కలా గట్టిపడ్డ పేజీలు. ఆ ఏడాది, అత్తిమంజేరిపేట. వేలు పెట్టి దిగుతూ పోయాను. దొరికింది. చనిపోయిన వారి పేరు: దొరసామి నాయుడు భార్య. వయసు సుమారు పద్దెనిమిది. కారణం: ప్రసవ జ్వరం.

"ఏముందక్కా?" అని దివ్య భుజం మీదుగా వంగి చూసింది. ఆ అమ్మాయికి తెలుగు అక్షరాలు తెలియవు. నా ముఖం మాత్రం చదివింది.

"ఇందులో కూడా పేరు రాయలేదమ్మా" అన్నాను.

గుమాస్తా తమిళంలో, చాలావాటిలో ఇంతే, ఆడవాళ్ల పేర్లు కరణాలు అడిగేవాళ్లు కాదు అన్నాడు. ఆయన చెప్పింది నిజమే, నేను రోజూ చూస్తున్నదే. కానీ తెర మీద చూడడం వేరు. ఆ పిల్లకు పద్దెనిమిదేళ్లు. ఆమె మునిమనవరాలు నా పక్కన నిలబడి ఉంది. పుస్తకం మూసి, "పద, మీ తాతను చూద్దాం. అక్కణ్ణుంచి అత్తిమంజేరిపేట పోదాం. పుస్తకంలో లేకపోతే మనుషుల్ని అడుగుదాం" అన్నాను.

తిరువళ్ళూరు నుంచి తిరుత్తణికి రైల్లో మరో గంట. ఒక్క మాట గుర్తుంచుకోండి, చాలా లోకళ్లు అరక్కోణంతో ఆగిపోతాయి. బోర్డు చూసి తిరుత్తణి దాకా పోయేదే ఎక్కండి. తిరుత్తణిలో కొండకు పోయే భక్తులతో ఆటోస్టాండు కిటకిటలాడుతోంది. దివ్యకు తెలిసిన సెల్వం అనే ఆటో అతను మమ్మల్ని రోజంతా తిప్పి దింపడానికి తొమ్మిది వందలు అడిగాడు. కాస్త ఎక్కువే. కానీ ఊళ్ల మధ్య బస్సుల కోసం కాచుకుంటే పొద్దుపోతుంది, ఒప్పుకున్నాం.

కండిగైలో గోవిందసామి గారు ఇంటి ముందు మంచం మీద కూర్చుని పల్లీకాయలు ఒలుస్తున్నారు. పొడవాటి మనిషి, వీపు ఇంకా నిటారుగానే ఉంది. నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించారు. తిరువళ్ళూరులో చూసింది చెప్పాను. తలాడించారు.

"నన్ను పెంచినామె మంచిదమ్మా. ఆమె మనసు నొచ్చుకుంటాదని మా నాయన్ను నేను అడగలే. ఇద్దురూ పోయినాంక అడిగేదానికి ఎవురూ లేరు" అన్నారు. "ప్రతి యేడూ ఆడి నెల అమావాసకు తిరువళ్ళూరు పోయి వీరరాఘవస్వామి కాడ పోయినోళ్లకు నీళ్లు వదలతా వుండా. అమ్మ పేరు చెప్పు నాయనా అంటాడు అయ్యవారు. తెలీదు సామీ అంటే, ఏదో వొక దేవత పేరు చెప్పుకో అంటాడు. యాభై యేండ్లు అట్లనే చెప్పినా. ఆమెకు చేరిందో, ఇంకెవురికన్నా పోయిందో."

మాతో రమ్మన్నాను. పల్లీకాయల చాట పక్కన పెట్టారు, మళ్లీ ఒళ్లోకి తీసుకున్నారు.

"నేను రానమ్మా. ఆమె పోయినాక బిడ్డను మాకిచ్చేయమని వాళ్లు, ఇయ్యనని మా నాయన. పెద్ద రచ్చ అయిపోయింది. మళ్లీ రాకపోకల్లేవు. ఇప్పుడు నేను పోయి వాకిట్లో నిలబడితే, యాడ నించి వొచ్చినావు అంటే ఏమని చెప్పేది? మీరు పోయి రాండి. పేరు దొరికితే సాలు."

కండిగై దాటాక దారి చెరకు తోటల మధ్య నుంచి పోతుంది. ఎండ బాగా ఉంది. కొండలు ఎడమపక్క దగ్గరగా వస్తూ పోతూ ఉంటాయి. ఆంధ్ర ఎంత దగ్గరంటే దివ్య ఫోను ఒకచోట చిత్తూరు టవరుకు మారి, స్వాగతం అని మెసేజి పంపింది. అత్తిమంజేరిపేటలో దిగేసరికి మరమగ్గాల చప్పుడు వీధంతా వినబడుతోంది.

మొదట అడిగింది బజార్లో ఒక మొబైల్ కొట్టు కుర్రవాణ్ణి. మేకలవాళ్ల ఇల్లు ఎక్కడ అంటే వెంటనే, "ఓ, మేకలా? తెలుసు, రాండి" అని తనే ముందు నడిచాడు. ఇంత సులువా అని నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. రెండు వీధులు తిప్పి ఒక ఇంటి ముందు నిలబెట్టి, "మేకలక్కా!" అని కేక వేశాడు. ముప్పై ఏళ్ల అమ్మాయి తలకు నూనెతో బయటికి వచ్చింది. ఆమె పేరే మేఖల. బడిలో టీచరు, ఆ రోజు సెలవు పెట్టింది.

విషయం చెప్పేసరికి ఆమె పడీపడీ నవ్వింది. "అయ్యో, అది నా పేరండీ. ఇంటిపేరు కాదు. మాకెవురికీ ఇంటిపేర్లు తెలీవు, అంతా ఇనిషియలే" అంది. నేనూ నవ్వాను కానీ లోపల నీరుగారిపోయాను. ఆ వీధిలో ఇంకో నాలుగిళ్లు అడిగాం. ఎం ఇనిషియలు ఉన్నవాళ్లు చాలామంది, అది ఏ ఎమ్మో చెప్పగలిగిన వాళ్లు లేరు. దివ్య ముఖం వాడిపోయింది. "తాతకు ఏమని చెప్పేది అక్కా?" అంది. "ఇంకా ఏమీ చెప్పొద్దు. పొద్దు చాలా ఉంది" అన్నాను.

ఆకలేసి, బస్సులు ఆగేచోట ఉన్న చిన్న హోటల్లో భోజనానికి కూర్చున్నాం. సాంబారు, వంకాయ కూర, అప్పడం, ఆకు నిండా అన్నం. డెబ్బై రూపాయలు. వండి వడ్డించేది సుగుణమ్మ అనే ఆవిడ. పెళ్లిళ్లకు కూడా వంట చేస్తానని గోడ మీద రాయించుకుంది. అది చూసి నాకు తట్టింది. ఒకే ఇంటిపేరు వాళ్లు పెళ్లి చేసుకోరు కదా, సంబంధాల దగ్గర ఆ మాట రాక తప్పదు. రెండోసారి సాంబారు పోస్తున్నప్పుడు అడిగాను.

"మేకలోళ్లా?" అంటూ గరిటె ఎత్తి పట్టుకుంది సుగుణమ్మ. "ఎందుకు తెలీదు? నాయుళ్లలో. మా చిన్నప్పుడు రెండిండ్లు వుండె. వొకరు షోళింగర్ పక్క పోయినారు. ఇంగ మిగిలింది పెద్దామె వొకతే. వాళ్ల నాయనకు ఈమె వొక్కతే కూతురు, ఇల్లరికం అల్లుణ్ణి తెచ్చుకున్నాడు. అందుకే ఈ ఊర్లోనే నిలిచింది."

"వాళ్ల నాన్న పేరు?"

"చెంగల్రాయుడు."

దివ్య అన్నం ముందు నుంచి లేచి నిలబడింది. "సీక్రం పోదాం అక్కా" అంది. సుగుణమ్మ ఆ అమ్మాయిని భుజం పట్టి కూర్చోబెట్టి, "ఆమె యాడికీ పోదులేమ్మా. తిని పో" అని ఇంకాస్త అన్నం పెట్టింది.

ఇల్లు ఊరి చివర. వరండాలో ఒక ముసలావిడ చింతపండు గింజలు తీస్తోంది. పొట్టి మనిషి, ముక్కుకు రెండువైపులా పుడకలు, గొంతు మాత్రం వీధి చివరికి వినబడేది. ఎవరు, ఏ ఊరు, ఎందుకొచ్చారు అని వరసగా అడిగింది. నేను రిజిస్టరు గురించి మొదలుపెట్టాను. ఆవిడకు అది ఎక్కలేదు. అప్పుడు దివ్య ముందుకొచ్చి, "అవ్వా, మాది కే.జీ.కండిగై. దొరసామి నాయుడు మనవరాల్ని... కాదు, కొడుకు మనవరాల్ని" అని తడబడింది.

చింతపండు మీద చేతులు ఆగిపోయాయి.

"గోవిందసామి మనవరాలివా?"

"మీకు తాత పేరు తెలుసా?"

"తెలీకేం? కండిగైలో నీకొక బావ వుండాడు అని మా నాయన చెప్పతానే వుండె. ఆ బిడ్డను మూణ్ణెల్లు మా అవ్వ పెంచింది, తెలుసునా? ఆవుపాలు పోసి. వాళ్లొచ్చి ఎత్తుకోని పోయినారు. మా అవ్వ అన్నం మానేసిందంట." కొంగుతో చేతులు తుడుచుకుంది. "బతికుండాడు కదా?"

"బాగుండాడు అవ్వా."

నేను అసలు సంగతి అడిగాను. ఆయన తల్లి పేరు ఎక్కడా రాసి లేదని, అదొక్కటీ తెలుసుకోడానికే వచ్చామని చెప్పాను. పెద్దావిడ నా వైపు చాలాసేపు చూసింది. ఏం విచిత్రమైన ప్రశ్న అన్నట్టుగా.

"అది ఆ పిల్లోనికి తెలీదా?" అంది. ఎనభై ఏళ్ల ఆయన్ను పిల్లోడు అంది. "ఇన్నేండ్లా? తెలీదా?"

ఎవరూ చెప్పలేదని దివ్య అంది. అప్పుడు ఆవిడ చెప్పింది.

"ఆమె పోయిన రెండేండ్లకు నేను పుట్నా. మా నాయన వాళ్ల చెల్లెలి పేరే నాకు పెట్టినాడు. అలివేలు. ఆ పేరు పెట్టి పిలస్తే ఏడుపొస్తాదని మా అవ్వ చచ్చేదాకా నన్ను పాపా అనే పిలిచింది. మా నాయన మాత్రం కావాలనే పిలిచేది. పొలంలో నించి వొస్తా వీధి మొగదల్లోనే, అలివేలూ అని కేకేసేది. ఊరంతా వినాల అట్ల."

నేను ఆ మాటలు చిన్న కాగితం మీద రాసుకుంటున్నాను. రెండు పుస్తకాలు రాయని పేరు ఈ ఇంట్లో రోజూ పలికారు. దివ్య ఏడుస్తూనే ఫోన్ తీసి తాతకు కలపబోయింది. అలివేలమ్మ గారు ఆ ఫోన్ లాక్కున్నారు.

"ఏం చేస్తావుండావు?"

"తాతకు చెప్తా అవ్వా."

"ఫోన్లో చెప్పేదా ఇది? ఆటో వుండాది కదా? వుండు, చీర మార్చుకోని వొస్తా. నేనే చెప్తా. మీరెవురూ నోరు తెరవొద్దండి."

కోడలు అడ్డుపడింది. మోకాళ్ల నొప్పులు, ఈ ఎండలో ఆటోలో అంత దూరమా, ఆదివారం మీ అబ్బాయి కార్లో తీసుకుపోతాడు అంది. ఆవిడ వినిపించుకోలేదు. "ఆదివారానికి నేనుండొద్దా, వాడుండొద్దా?" అని లోపలికి వెళ్లి, పచ్చంచు నీలం చీర కట్టుకుని, ఒక సంచిలో చింతపండు, ఇంటి బెల్లం పెట్టుకుని వచ్చింది. సెల్వం ఆమెను చేయి పట్టి ఎక్కించాడు. దారి పొడుగునా గుంతలు వచ్చినప్పుడల్లా, "మెల్లగా నాయనా, మా బావను చూడకుండానే చంపతావా" అంటోంది. అంతలోనే మాట ఆపి బయటికి చూస్తోంది. కండిగై దగ్గర పడేసరికి దివ్య చేతిని గట్టిగా పట్టుకుంది.

మేము దిగేసరికి గోవిందసామి గారు బర్రెకు గడ్డి వేస్తున్నారు. ఆటోలోంచి ఒక ముసలావిడ దిగడం చూసి, పంచె సర్దుకుని ముందుకొచ్చారు. ఆవిడ నాలుగడుగులు వేసి ఆయన ముఖంలోకి తలెత్తి చూసింది.

"ఎవురమ్మా నువ్వు?" అన్నారాయన.

"చెంగల్రాయుడు కూతుర్ని. నీ మేనమామ కూతుర్ని."

ఆయన చేతిలోని గడ్డి కింద పడింది. కూర్చోమనాలని కూడా తోచలేదు. "పేరేంది?" అన్నారు. మర్యాదకు అడిగినట్టే అడిగారు.

"మీ అమ్మ పేరే బావా. అలివేలు."

ఆయన ఆ పేరును ఒకసారి పెదాలతో మాత్రమే అన్నారు, చప్పుడు రాలేదు. రెండోసారి వినబడింది. మూడోసారి, "అలివేలమ్మ" అన్నారు. తర్వాత గడప మీద కూలబడి, రెండు చేతులతో ముఖం కప్పుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఆవిడ పక్కన కూర్చుని ఆయన వీపు మీద చేయి వేసి, "ఇంగ ఏడవొద్దు. మూణ్ణెల్ల బిడ్డప్పుడు కూడా ఇట్లనే ఏడిస్తివంట, మా అవ్వ చెప్పేది" అంది. ఏడుపు మధ్యలోనే ఆయనకు నవ్వొచ్చింది.

తల్లి ఎలా ఉండేదో ఆవిడకూ తెలియదు. తండ్రి చెప్పిన రెండు మూడు సంగతులు మాత్రం చెప్పింది. బాగా పొడుగట. దూలం తగులుతుందని తలవంచి నడిచేదట. దివ్య వెంటనే తాత వైపు చూసింది. ఇంట్లో అందరూ పొట్టివాళ్లు, ఆయనొక్కరే అంత పొడుగు, ఎవరి పోలికో తెలిసేది కాదు అంది. వాళ్లను అలా వదిలి మేము బయలుదేరాం. అలివేలమ్మ గారు ఆ రోజు అక్కడే ఉండిపోయారు. సెల్వం అనుకున్న డబ్బులే తీసుకున్నాడు, పైన ఇస్తే వద్దన్నాడు.

తిరుత్తణిలో సాయంత్రం లోకల్ ఎక్కి కూర్చున్నాక నాకు ఇంకో చిక్కు గుర్తొచ్చింది. మా పనికి ఒక నియమం ఉంది. పేజీలో ఉన్నదే టైపు చేయాలి, మనకు తెలిసినది చేర్చకూడదు. అది మంచి నియమం. లేకపోతే ఎవరికి తోచింది వాళ్లు రాసేస్తారు. కాబట్టి తల్లి పేరు గడిలో నేను 'పై వాని భార్య' అనే పెట్టాను. కింద వివరణ గడిలో, ఆమె పేరు అలివేలమ్మ అని, చెప్పినది ఆమె మేనకోడలు అని రాశాను. తమిళంలో వెతికేవాళ్ల కోసం అలమేలు అని కూడా చేర్చాను. వివరణల్లోని పేర్లు వెతుకులాటలో రావు. అవి కూడా వచ్చేట్టు చేయాలని బృందంతో మూడు వారాలు వాదించాను. కుదరదన్నారు, ఎందుకు కుదరదో చెప్పమన్నాను. చివరికి చేశారు. ఇప్పుడు ఆ పేరు కొడితే ఆ పద్దెనిమిదేళ్ల పిల్ల కనబడుతుంది. నా వాటా పుస్తకాల్లో ఫలానా వాడి భార్య, ఫలానా వాడి తల్లి అంటూ ఇంకా వందల వరుసలు ఉన్నాయి. అన్నిటికీ అలివేలమ్మ గారు దొరకరని తెలుసు. అయినా ఇప్పుడు ఆ గడి దగ్గరికి వచ్చినప్పుడు నా వేళ్లు ముందులా తొందరపడి దాటిపోవడం లేదు. కబురు చెప్పిన వాడెవడో, వాడి ఊరేదో, ఇంటిపేరేదో చూసి పక్కన రాసుకుంటున్నాను. వచ్చే నెల మళ్లీ సెలవు పెట్టాను.

మీరూ ఇలాంటి పని మీద బయలుదేరితే ఒక్క సలహా. చనిపోయిన ఆడవాళ్ల పేరు తెలుసా అని అడగకండి, చాలామంది తెలియదనే అంటారు. ఆమె పోయాక ఆ ఇంట్లో పుట్టిన ఆడపిల్లకు ఏం పేరు పెట్టారు అని అడగండి.